గూడు అక్కడ, రోజీ ఇక్కడ

చలికాలంల జూరాల డ్యాం దగ్గర నిలబడి నీళ్ళ దిక్కు చూడుండ్రి. నసీబ్ బాగుంటే ఒక పిట్ట కనబడ్తది. వీపంత గోధుమ రంగు, పొట్టంత తెలుపు, కంటి మీద నుంచి మెడ దాక నల్లటి చార. నీళ్ళ మీద గాల్లనే కొద్దిసేపు ఆగుతది. ఆ తర్వాత కాళ్ళు ముందుకు చాపి ధబేల్మని పడ్తది. లేచేటప్పుడు కాళ్ళల్ల చేప ఉంటది, తలకాయ ముందుకు, తోక వెనకకు. పుస్తకాల్ల దీని పేరు కొరమీను గద్ద. హిందీ, ఉర్దూలల్ల మఛ్లీమార్, ఇంగ్లీషుల ఆస్ప్రే. చేప తప్ప దాదాపు ఇంకేదీ ముట్టదు.

ఇది మన ఊరి పిట్ట కాదు. సెప్టెంబర్, అక్టోబర్లల్ల వస్తది, మార్చి దాక ఉంటది. గద్వాల దగ్గర జూరాల, నాగర్‌కర్నూల్ జిల్లాల సోమశిల కాడ శ్రీశైలం బ్యాక్‌వాటర్, వనపర్తి జిల్లాల సరళాసాగర్ లాంటి పెద్ద నీళ్ళే దీని దస్తర్‌ఖాన్. కానీ ఇక్కడ గూడు కట్టదు, గుడ్డు పెట్టదు. దాని వతన్ హిమాలయాల దిక్కు, ఇంకా అవతల ఉత్తరాన ఉన్నది. అందుకే చాలామంది "పరాయి పిట్ట, మనకేం సంబంధం?" అంటరు. సంబంధం ఉందని చెప్పనీకే ఇది రాస్తున్న.

ఇంగ్లండ్, స్కాట్లండ్‌లల్ల ఈ పిట్టల గూళ్ళ మీద కెమెరాలు పెట్టిన్రు. మార్చి, ఏప్రిల్లల్ల నేను ఫోన్ల చూస్తుంటా. ఆ పిట్టలు చలికాలం ఆఫ్రికాకు పోతయి, మన దగ్గరికి వచ్చేటివి వేరే. కానీ జిందగీ అందరిదీ ఒక్క తీరే. మొదట్ల గూడు ఖాళీగ ఉంటది. ఒకరోజు చాలావరకు మగదే ముందు దిగుతది, పుల్లలు సర్దుతది, ఆస్మాన్ దిక్కు చూస్తది. కొన్ని రోజులకు ఆడది వస్తది. నాకు హైరత్ కలిగించిన సంగతి ఏందంటే, ఈ జోడి చలికాలమంత కలిసి ఉండదు. ఒకటి ఒక నీటి మీద, ఇంకోటి ఎక్కడో దూరాన. ఖత్ లేదు, ఫోన్ లేదు. మళ్ళ కలిసేది ఆ పాత గూటి మీదనే. రెండు మూడు గుడ్లు, అయిదు వారాలకు పైన పొదుగుడు, పిల్లలు ఎగిరే దాక ఇంకో ఏడు వారాలు. ఆ దినాలల్ల ఇంటికి చేప తెచ్చే జిమ్మెదారి ఎక్కువగ మగదానిదే.

ఇది వింటే మన ఇండ్లు యాదికి రాలేదా? పాలమూరు లేబర్ అంటే దేశమంత ఎరుక. ఎక్కడెక్కడి డ్యాములో కట్టిన్రు, కాల్వలు తవ్విన్రు. మన గల్లీలల్ల ఎన్నో ఇండ్ల కమాయి దుబాయి, జిద్దా, రియాద్‌ల నుంచే వస్తది. భార్యాపిల్లలు ఇక్కడ, రోజీ అక్కడ. ఇంకో సంగతి చెప్త. మొదటిసారి వలస వచ్చిన పిల్ల పిట్ట ఆ ఎండాకాలం తిరిగి పోదు. మరో ఏడు దాక పరాయి నీళ్ళ మీదనే ఉండిపోతది. మే నెల ఎండల్ల ఎక్కడన్న ఈ పిట్ట కనబడితే, కొత్త వీసా మీద పోయి ఇంకా మొదటి ఛుట్టీ దొరకని పోరడని అనుకోండ్రి.

గల్ఫ్‌కు పోయే కొడుకు కోసం అమ్మీలు ఏం దువా చేస్తరు? కఫీల్ మంచోడు కావాలె, పాస్‌పోర్ట్ గుంజుకోవద్దు, తన్ఖా ఆపొద్దు, సహీ సలామత్ ఇంటికి పంపాలె అని. ఈ పిట్టకు ఆ ఆరు నెలలు కఫీల్ మనమే. మనోళ్ళకు పరాయి దేశంల ఇజ్జత్ కావాలని అడిగే హక్ మనకుంది. అట్ల అడిగేటోళ్ళు తమ చెరువు మీదికి రోజీ కోసం వచ్చిన జాన్‌ను కూడ అదే కంటితో చూడాలె.

గూడు ఉన్న దేశంల జనం ఏం చేసిన్రో చూడండ్రి. బ్రిటన్‌ల ఈ పిట్టను తుపాకులతో కాల్చి, గుడ్లు జమ చేసే షౌక్‌తో గూళ్ళు దోచి, 20వ సదీ మొదట్ల దాదాపు ఖతం చేసిన్రు. 1950లల్ల స్కాట్లండ్‌ల లాక్ గార్టెన్ అనే సరస్సు దిక్కు ఒక జోడి తిరిగొచ్చింది. 1958ల కావలి ఉండంగనే రాత్రిపూట ఒక దొంగ చెట్టెక్కి గుడ్లు ఎత్తుకపోయిండు, వాటి జాగల రంగు పూసిన కోడిగుడ్లు పెట్టిండు. తర్వాతి ఏడు ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షుల సొసైటీ గూటిని దాచుడు మానేసి జనానికే చూపెట్టింది. 1959 ఎండాకాలం దాదాపు 14,000 మంది వచ్చి చూసిన్రు. ఆ ఏడు పిల్లలు ఎగిరినయి. అమెరికాల డీడీటీ మందుతో గుడ్ల పెంకులు పల్చబడి పగిలిపోతుంటే, 1972ల ఆ మందును బంద్ చేసినంకనే పిట్టలు మళ్ళ పెరిగినయి.

కానీ గూటి కావలి సగం పనే. మిగిలిన సగం చలికాలం గడిపే నీళ్ళ మీద ఉంటది. మన దగ్గర ఆ నీళ్ళ హాలత్ ఏంది? కొల్లాపూర్ దిక్కు బ్యాక్‌వాటర్ల అలివి వలల లొల్లి ఏండ్ల సంది నడుస్తున్నది. దోమతెర లెక్క సన్నటి కండ్ల వల అది, వేలెడంత చేపపిల్లను కూడ వదలదు. సర్కార్ 2016 సంది ముఫ్త్‌గ చేపపిల్లలు వదిలే స్కీం పెట్టింది. ఒక చేత్తో వదిలింది ఇంకో చేత్తో గోకితే నీళ్ళల్ల మిగిలేదేంది?

"పిట్ట చేప తింటే మాకు నుక్సాన్ కాదా?" అని చేపలు పట్టేటోళ్ళు అడగొచ్చు. వాజిబ్ సవాలే. అది రోజుకు తినేది అరకిలో లోపలనే. అలివి వల ఒక్క రాత్రిల తీసే పిల్లలు పెద్దయితే ఎన్ని కుటుంబాల కమాయి అయితదో వాళ్ళే హిసాబ్ చెప్పాలె. చిన్న వలోనికి, పిట్టకు దుష్మన్ ఒక్కటే.

ఇక మన ఇంటి పనులు. సంక్రాంతికి మన పిల్లలు కూడ పతంగులు మస్తు ఎగరేస్తరు. ఎగరేయనీయండ్రి, సద్ది దారంతోనే. నైలాన్ మాంజాను 2017ల నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంత బంద్ చేసింది. అయినా దుకాన్ల దొరుకుతదంటే కొనేటోళ్ళం మనమే కదా. చెట్ల మీద తట్టుకున్న ఆ దారం ఏండ్లు కుళ్ళదు, పిట్ట రెక్కకు చుట్టుకుంటే విడువదు. చెరువు గట్టు మీద గులేరు పట్టుకొని తిరిగే పోరని చేతిలకెల్లి అది తీసుకొని, దుర్బీన్ పెట్టుండ్రి. ఈ పిట్టకు 1972 వన్యప్రాణి చట్టం హిఫాజత్ ఉన్నదని చెప్పుండ్రి. చట్టం చెప్పినా వినకపోతే, నీ మామూ జిద్దాల ఎట్ల ఉంటుండో ఇది ఇక్కడ అట్లనే ఉంటున్నదని చెప్పుండ్రి. ఆ మాట మన పిల్లలకు జల్దీ సమజ్ అయితది.