ఎత్తే ముందు అడుగుదాం



డోలీ మోయడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. రోడ్డు లేని ఊరి నుంచి కిలోమీటర్ల కొద్దీ పేషెంటును మోసుకొచ్చే జనం మనం. ఆ అలవాటుతోనే చక్రాల కుర్చీలో ఎవరైనా కనబడగానే నలుగురం చేరి "పట్టు, ఎత్తు" అనేస్తున్నాం. కానీ కుర్చీలో ఉన్న తమ్ముడు పేషెంటు కాదు, కౌన్సెలింగ్‌కి బయల్దేరిన స్టూడెంటు. ఈ తేడా మన బుర్రకి ఇంకా ఎక్కలేదని మా అభిప్రాయం.

ఎలా ఎక్కించాలో ముందు వాళ్లనే అడగాలి. రోజూ ఆ ఒంటితో బతికేది వాళ్లు.

కారైతే ముందు సీటు మేలు. సీటు వెనక్కి జరిపి, తలుపు పూర్తిగా తెరిచి, కుర్చీని కాస్త ఏటవాలుగా సీటుకు దగ్గరగా పెట్టి రెండు బ్రేకులూ వేయాలి. కాళ్లు పెట్టుకునే పలకలు పక్కకు తీసేయాలి. ముందు సీటు మీద కూర్చోవాలి, ఆ తర్వాతే కాళ్లు లోపలికి. తల పైన తగలకుండా చెయ్యి అడ్డం పెట్టండి. చేతులు పట్టుకుని మాత్రం లాగొద్దు. భుజం పోతే వాళ్లు కుర్చీ తోసుకోవడమూ పోయినట్టే.

ఏజెన్సీలో కార్లెక్కడివి అంటారు. నిజమే, మనకు దిక్కు జీపు, షేర్ ఆటో. జీపు ఎత్తు కాబట్టి ఇద్దరు కావాలి. వాళ్లు చేతులు కట్టుకుంటే, ఒకరు వెనక నుంచి చంకల కిందుగా చేతులు పోనిచ్చి ముంజేతులు పట్టుకోవాలి, రెండోవాళ్లు మోకాళ్ల కింద. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేది కుర్చీలో ఉన్నవాళ్లే.

జీలుగు చెట్టు మీంచో చింతచెట్టు మీంచో పడి వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు నడుము కింద స్పర్శ ఉండకపోవచ్చు. ఎండకి కాలిన సీటైనా, రేకు అంచు గీసుకున్నా తెలీదు. పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది. అందుకే సీటు మీద మన చెయ్యి పెట్టి చూసి, వాళ్ల మెత్త వేసి కూర్చోబెట్టాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు, ఉద్యోగాల్లో 4 శాతం ఇచ్చింది. జీపు ఎక్కించేవాళ్లు లేక ఇంట్లోనే ఉండిపోతే ఆ సీటు ఎవరికి?

అడ్మిషన్లకి ముందే మీ ఊరి జీపు డ్రైవర్ అన్నతో మాట్లాడి పెట్టుకోండి. కుర్చీకి వేరే చార్జీ అడిగితే గొడవ పడొద్దు. "ఎక్కించేది, దింపేది మేమిద్దరం, నీకు టైం పోదు అన్నా" అని చెప్పి చూడండి.