ఇంటి సంగతులు: నీళ్ళ ట్యాంకుకు తలంటు

పండుగ వస్తోందంటే బూజు దులుపుతాం, ఇత్తడి సామాను చింతపండుతో తోముతాం, గుమ్మాలకు పసుపు రాస్తాం. పొద్దున్న ముఖం కడుక్కున్నది మొదలు రాత్రి మంచం పక్కన చెంబు పెట్టుకునేదాకా వాడే నీళ్ళు ఏ పాత్రలోంచి వస్తున్నాయో, దాని మూత తీసి మాత్రం చూడం. మేడ మీద ట్యాంకు, వాకిట్లో సంపు. మన ఇళ్ళలో ఇంతకన్నా పెద్ద పాత్రలు లేవు. బిందెను రోజూ తోముతాం గాని, ఆ బిందెలోకి నీళ్ళిచ్చే ట్యాంకు ఏళ్ళ తరబడి తోముడెరగదు. ఈసారి ఆ సంగతి చెప్పుకుందాం.

చెన్నైలోని మనవాళ్ళకు తెలుగు గంగ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాల్లోంచి తలా 5 టి.ఎం.సి.లు వదులుకున్నాయి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. 1996లో ఆ నీరు తొలిసారి తమిళనాడు చేరింది. కండలేరు నుంచి పూండి దాకా నూట డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి, వడపోతలు పూర్తి చేసుకుని, క్లోరిన్ కలిపించుకుని వచ్చిన నీరు, చివరి పది గజాల్లో మన సంపులో పాడవుతుంది. బెంగుళూరు కావేరి నీటికైనా, మరే ఊరి నీటికైనా ఇదే గతి.

ఎందుకు పాడవుతుందంటే, నీరు నిలవ ఉన్నకొద్దీ అందులోని క్లోరిన్ తరిగిపోతుంది. సన్నని మట్టి అడుగుకు చేరి మడ్డి కడుతుంది. గోడలకు పాచి పట్టి, దాని చాటున క్రిములు దాక్కుంటాయి. రోజు విడిచి రోజు నీళ్ళు వదిలే ఊళ్ళలో మరో చిక్కు ఉంది. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు పగుళ్ళలోంచి బయటి మురికి లోపలికి పీల్చుకుంటుంది. మూత సరిగా లేకపోతే దోమ కూడా వచ్చి చేరుతుంది. డెంగ్యూ తెచ్చే దోమకు మురుగు అక్కరలేదు, మన మంచినీళ్ళే చాలు. నీటిమట్టానికి కాస్త పైన గోడకు అది అంటించే గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు. అందుకే ట్యాంకు ఖాళీ చేసి ఆరబెడితే సరిపోదు, గోడలు రుద్ది తీరాలి.

ఇక పని పద్ధతి. ముందు తోమడం, తరువాత మందు. ఈ వరుస తప్పకూడదు. మడ్డి ఉండగా బ్లీచింగ్ పౌడర్ ఎంత పోసినా, దాని బలమంతా ఆ మడ్డి మీదే ఖర్చయిపోతుంది.

ముందురోజే అన్ని వాటాల వారికీ చెప్పి, తాగడానికీ వంటకూ నీళ్ళు పట్టుకోమనండి. మోటారు మెయిన్ స్విచ్ ఆపి, ఇంట్లోకి వెళ్ళే వాల్వు మూసేయండి. లేకపోతే మడ్డి అంతా కుళాయిల్లోకి దిగుతుంది. నీరు వదిలేసి, కొబ్బరి పీచుతోనో ప్లాస్టిక్ బ్రష్షుతోనో రుద్దించండి. ప్లాస్టిక్ ట్యాంకుకు ఇనుప బ్రష్షు వద్దు, ఆ గీతల్లోనే మళ్ళీ పాచి పడుతుంది. సబ్బు పొడి కూడా వద్దు. మడ్డిని మగ్గుతో తోడి, స్పంజీతో ఒత్తి, రెండుసార్లు కడగాలి.

ఇప్పుడు మందు లెక్క. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడర్ తాజాగా ఉన్నప్పుడు అందులో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది. గాలీ, వెలుతురూ, తేమా తగిలితే తగ్గిపోతుంది గనక 25 శాతమని లెక్క వేసుకోవడం మేలు. అలా అయితే 1000 లీటర్ల ట్యాంకుకు 200 గ్రాములు, 500 లీటర్లకు 100 గ్రాములు. పొడికి బదులు సువాసన, రంగు కలపని 5 శాతం ద్రవ బ్లీచి దొరికితే 1000 లీటర్లకు ఒక లీటరు. పొడిని ప్లాస్టిక్ బకెట్లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, పది నిమిషాలు తేరనివ్వాలి. ట్యాంకు సగం నిండాక పైతేట మాత్రం పోసి, మిగతా సగం నింపాలి. అడుగున మిగిలే సున్నం పారేయండి.

నిండాక వాల్వు తీసి, ఇంట్లో ఒక్కొక్క కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. గొట్టాలకు కూడా తలంటు కావాలిగా! వడపోత యంత్రానికి వెళ్ళే కుళాయి మాత్రం ముందే కట్టాలి. ఆర్.ఓ. పొరను క్లోరిన్ పాడుచేస్తుంది. ఆరు గంటలకు తక్కువ కాకుండా, వీలైతే రాత్రంతా నిలవ ఉంచి, తరువాత వదిలేయండి. ఆ నీరు తులసికోటకూ, బావికీ, ఇంకుడు గుంటకూ పనికిరాదు. పాయిఖానాలో పోసుకోవచ్చు గాని ఆ రోజు అక్కడ యాసిడ్ వాడకండి. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. మళ్ళీ మంచినీళ్ళు నింపి, ఘాటు పోయేదాకా కుళాయిలు వదిలాకే వంటకు వాడుకోవాలి.

ట్యాంకు కన్నా ముందు కడగవలసింది సంపును. కింద మురికి ఉంచి పైన కడిగితే ఫలమేమిటి? అసలు ఈ వ్యాసం రాస్తున్నదే సంపు గురించి ఒక మాట చెప్పడానికి. మూసి ఉన్న సంపులో మడ్డి కుళ్ళి ప్రాణవాయువును హరిస్తుంది. కొత్త సంపులో వదిలేసిన సెంట్రింగు చెక్కలు కుళ్ళినా అంతే. దిగినవాడు కేకైనా వేయకుండా కూలిపోతాడు. అతన్ని తేవాలని రెండోవాడు, వాడికోసం మూడోవాడు దిగుతారు. ఇలాంటి వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. దీపం దించి చూస్తే చాలుననేది పాతమాట. దీపం పసిగట్టలేని విషవాయువులూ ఉన్నాయి. వీలైనంతవరకు మనిషిని దించకుండా, పైనుంచే పొడుగు కర్ర బ్రష్షుతో రుద్ది, పంపుతో మడ్డి తోడించండి. దిగక తప్పదంటే తగిన పరికరాలూ, గాలి పరీక్షా ఉన్న సంస్థనే పిలవండి. ఇంజను పంపును సంపులోకి దించకండి. ఎవరైనా లోపల పడిపోతే వెంట దిగకుండా 101కో 112కో ఫోన్ చేయండి. దిగేది మన పిల్లవాడే అయితే ఎంత జాగ్రత్త పడతామో, కూలికి వచ్చినవాడి విషయంలోనూ అంతే పడాలి.

మా అపార్టుమెంట్లో సంక్రాంతికి ఒకసారి, ఆషాఢంలో ఒకసారి ఈ పని పెట్టుకుంటాం. మధ్యలో ట్యాంకరు నీళ్ళు కొంటే 1000 లీటర్లకు 2.5 గ్రాముల వంతున, అంటే 10,000 లీటర్లకు 25 గ్రాముల పొడి తేట కలిపి గంటసేపు ఆగుతాం. ఓవర్‌ఫ్లో గొట్టానికి సన్నని వల కట్టించాం.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. క్లోరిన్ ఉప్పదనాన్నీ పోగొట్టదు, సంపులోకి ఊరే డ్రైనేజీనీ ఆపదు. చెన్నైలో 2015 డిసెంబరు వరదల్లో లాగా మురుగునీరు సంపులోకి వస్తే, ముందు ఆ దారి మూయించాలి. అంతదాకా ఆ నీరు తాగొద్దు.

కడిగిన తేదీని ట్యాంకు మీదే రంగుతో రాయించండి. కాగితం మీద రాస్తే పోతుంది, మనసులో పెట్టుకుంటే మరచిపోతాం. ట్యాంకు మీద రాసింది మాత్రం మేడెక్కిన ప్రతివాడినీ పలకరిస్తుంది.