ఊరగాయ ఊరకముందే

"పీడా విరగడైంది!" అన్నారు మావారు, పేపరు మడిచి టీపాయ్ మీద పడేస్తూ.

2024 అక్టోబరు నాటి మాట. ఎవరి పీడ, ఎలా విరగడైందా అని నేనూ ఆ పేపరు అందుకున్నాను. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ కంపెనీవారు దక్షిణ కాలిఫోర్నియాలో పెట్టిన పెద్ద వీడియో గేముల స్టూడియోని మూసేశారట. ఒక్క ఆటైనా బయటికి రాకుండానే! మావారికి వీడియో గేములంటే ఒళ్ళు మంట. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పన్నెండు దాకా ఫోన్లో పేకాడతారు గానీ, అది వీడియో గేము కాదట. అది 'మెదడుకి వ్యాయామం'.

సాయంత్రం పక్కింటి సుభద్రమ్మగారూ అదే పాట. "మంచిపని చేశారు వదినగారూ! పిల్లల్ని చెడగొట్టే ఆటలు. డబ్బున్నవాళ్ళు, పోతే పోయింది. మనకేం?" అని తేల్చేశారు.

మనకేం అనడం తేలికే. కానీ నాకెందుకో ఆ వార్త చదివిన దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు. ఎందుకో చెబుతాను గానీ, ముందు ఆ కంపెనీ వ్యవహారం మీకు చెప్పాలి. చెబితేగాని నా కోపం మీకు అర్థం కాదు.

ఈ నెట్‌ఫ్లిక్స్ అనేది మొదట్లో సినిమా డిస్కులు పోస్టులో పంపే కొట్టు. ఎర్ర కవర్లలో ఇంటికి పంపేవారు. తర్వాత తీగల మీదుగా సినిమాలు చూపించడం నేర్చి ప్రపంచమంతా పాకింది. 2016 జనవరిలో మన దేశానికీ వచ్చింది. 2019 జనవరిలో వాటాదార్లకి రాసిన ఉత్తరంలో, మాకు అసలు పోటీ మరో సినిమా కంపెనీ కాదు, ఫోర్ట్‌నైట్ అనే వీడియో గేము అని వాళ్ళే ఒప్పుకున్నారు. జనం కళ్ళు అటు పోతున్నాయని దిగులు. సరే, దిగులు పడ్డవాళ్ళు ఊరుకుంటారా? ఎదురింటి వాళ్ళు ఫ్రిజ్ కొన్నారని తెలిశాక మన ఇంట్లో మగవాళ్ళు ఊరుకుంటారా?

2021 జూలైలో ఫేస్‌బుక్ నుంచి మైక్ వెర్డూ అనే ఆయన్ని తెచ్చి ఆటల పెత్తనం అప్పజెప్పారు. ఆ నవంబరులో ఫోన్లో ఆడుకునే ఆటలు ఐదు వదిలారు. చందా కట్టినవాళ్ళకి ఉచితం, ప్రకటనలు లేవు, లోపల కొనుక్కునేవి లేవు. బాగుంది. మనమూ చందా కడుతున్నాం కదా, ఆ ఆటలు మన ఫోన్లలోనూ వచ్చాయి. మీలో ఎంతమంది ఆడారు? నేనడిగిన పదిమందిలో ఒక్కరికీ అలాంటివి ఉన్నాయనే తెలియదు. మన అజ్ఞానం అనుకోకండి. 2022 ఆగస్టులో ఆప్టోపియా అనే లెక్కల సంస్థ లెక్క కట్టింది: చందాదారులు 22 కోట్ల పైచిలుకు, ఆ ఆటలు రోజూ ఆడేవాళ్ళు సగటున 17 లక్షలు. నూటికి ఒకరు కూడా కాదన్నమాట!

ఇంట్లో చేసిన పులుసు నూటికి ఒక్కరు కూడా తినకపోతే మనం ఏం చేస్తాం? ఉప్పు ఎక్కువైందా, వడ్డించడం మరిచిపోయామా అని చూస్తాం. వీళ్ళేం చేశారో తెలుసునా? పెళ్ళి వంటకి పందిరి వేశారు! ఆ లెక్క బయటపడ్డ రెండు నెలలకే, 2022 అక్టోబరులో, దక్షిణ కాలిఫోర్నియా స్టూడియో సంగతి ప్రకటించారు. ఓవర్‌వాచ్ అనే పేరుమోసిన ఆటకి పెద్దగా పనిచేసిన చాకో సన్నీని తెచ్చి అధిపతిగా కూర్చోబెట్టారు. 2023లో హేలో ఆటల కథలతో పేరు తెచ్చుకున్న జోసెఫ్ స్టేటన్ వచ్చాడు. గాడ్ ఆఫ్ వార్‌కి కళాదర్శకత్వం చేసిన రఫేల్ గ్రసెట్టి వచ్చాడు. అంటే కాకినాడ నుంచి కాజాల మేస్త్రీని, ఆత్రేయపురం నుంచి పూతరేకుల మనిషిని, తాపేశ్వరం నుంచి ఇంకొకరిని పిలిపించినట్టు. ఏదో కొత్త కథతో, ఫోన్లకి మించిన పెద్ద ఆట చేస్తారన్నారు. 2024 అక్టోబరు వచ్చేసరికి పందిరి పీకేశారు. ముగ్గురు మేస్త్రీలూ ఇంటికి. పెళ్ళికూతురు ఎవరో కూడా ఊళ్ళోవాళ్ళకి తెలియలేదు.

మావారిది ఇక్కడ ఒక వాదన. "నష్టమని తెలిసిన వెంటనే ఆపడం వ్యాపారంలో తెలివి. నీకు తెలియదు" అన్నారు. నాకెందుకు తెలియదు? పాతికేళ్ళుగా ఈ ఇంటి పద్దు రాస్తున్నది ఎవరు? నేను ఆపడాన్ని తప్పుపట్టడం లేదండీ. మొదలుపెట్టడాన్ని తప్పుపడుతున్నాను. 2024లో వేసుకున్న ప్రశ్న 2022లో వేసుకోవడానికి ఏం అడ్డమొచ్చింది?

పెద్ద ఆట అంటే ఏమిటో వాళ్ళకి తెలియనిది కాదు. 2023లో అమెరికా కోర్టులో ఒక దావా నడుస్తుంటే, సరిగ్గా నల్లసిరా పులమని కాగితాల వల్ల సోనీ కంపెనీ లెక్కలు బయటపడ్డాయి. ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి అయిన ఖర్చు 22 కోట్ల డాలర్లు. మన డబ్బులో 1,800 కోట్ల రూపాయలు అనుకోండి. హొరైజన్ అనే మరో ఆట రెండో భాగానికి 300 మంది, ఐదేళ్ళు, 21 కోట్ల డాలర్ల పైన. మరి అప్పటికే ఆటలు తీయడంలో చెయ్యి తిరిగిన ఇళ్ళ సంగతి ఇది! కొత్తగా పొయ్యి పెట్టుకున్నవాళ్ళకి రెండేళ్ళలో ఏం వస్తుందనుకున్నారు?

ఆవకాయ పెట్టిన ఏ ఇల్లాలినైనా అడగండి. ముక్కా, ఆవపిండీ, కారం, ఉప్పూ, నూనె కలిపి జాడీలో పెట్టి వాసెన కడతాం. మూడోనాడు విప్పి తిరగ కలుపుతాం. రెండోనాడే వాసెన విప్పి 'ఊట రాలేదు, పారబొయ్యండి' అనే కోడలు ఏ అత్తగారికైనా తగిలిందా? తగిలితే ఆ అత్తగారు ఏమనేదో పత్రికలో రాయదగినది కాదు.

పోనీ, ఊరిందే అనుకుందాం. అప్పుడైనా డబ్బు ఎలా తిరిగొస్తుంది? మామూలుగా పెద్ద ఆట ఒక్కొక్కటి అరవై, డెబ్భై డాలర్లకి అమ్ముతారు. అమ్మితే పెట్టుబడి రాబట్టుకుంటారు. వీళ్ళది చందా వ్యాపారం. ఆటలు చందాలో ఉచితం. అంటే ఆ ఆట కోసమే కొత్త చందాదారులు రావాలి, లేదా ఉన్నవాళ్ళు మానకుండా ఉండాలి. రాత్రి అన్నాలయ్యాక రిమోటు పట్టుకుని సీరియల్ చూసే మనిషి, పెద్ద ఆట ఆడే మనిషి ఒకరేనా? ఆ ఆటలకి వేరే యంత్రం కావాలి, రెండు చేతులా పట్టుకునే మీటల డబ్బా కావాలి. 2023 ఆగస్టులో కెనడా, బ్రిటన్‌లలో కొద్దిమందికి టీవీలోనే ఆటలు చూపించి, ఫోనే మీటల డబ్బాగా వాడుకోమని పరీక్ష పెట్టారు. అక్కడిదాకా వచ్చినవాళ్ళు పెద్ద ఆటకి ఎంత దూరమో కొలుచుకోలేదా? పాలవాడి పద్దు రాసే నాకు తట్టిన ప్రశ్న, ఒక్క 2024లోనే సినిమాలకీ సీరియళ్ళకీ 1,700 కోట్ల డాలర్లు పెట్టిన పెద్దలకి తట్టలేదంటే నమ్మమంటారా?

తట్టే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో వాళ్ళకి ఏదో ఒకటి చేస్తున్నామని చూపించడం కావాలి. 2022 మొదటి మూడు నెలల్లో చందాదారులు రెండు లక్షలు తగ్గారు. తర్వాతి మూడు నెలల్లో దాదాపు పది లక్షలు. కంగారు పుట్టింది. కంగారులో చేసే పనులు మనకి కొత్తా? వియ్యాలవారు అలిగారని తెలిసి అప్పుచేసి వెండి పళ్ళెం కొనడం లాంటిదే.

వీళ్ళొక్కరేనా అంటే, కాదు. గూగుల్ 2019లో స్టేడియా అని పెట్టి, సొంతంగా ఆటలు తీసే స్టూడియోలను 2021 ఫిబ్రవరిలోనూ, స్టేడియానే 2023 జనవరిలోనూ మూసింది. అమెజాన్ క్రూసిబుల్ అనే ఆటని 2020 మేలో విడుదల చేసి, ఆ నవంబరులోనే చాప చుట్టేసింది. ముందు నడిచిన ఇద్దరు గోతిలో పడ్డారు. మూడోవాడు ఆ గోతి లోతు చూడకుండానే దూకాడు. డబ్బుంటే చేతివాటం కూడా కొనుక్కోవచ్చనే భ్రమ ఇది.

ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. ఈ కంపెనీ తన ఉద్యోగులకి రాసుకున్న నీతిపత్రంలో, మాది కుటుంబం కాదు, ఆటగాళ్ళ జట్టు అని ఎప్పుడో చెప్పుకుంది. పైగా అధికారులకి ఒక పరీక్ష కూడా పెట్టింది. 'ఈ మనిషి రేపు వెళ్ళిపోతానంటే ఆపడానికి గట్టిగా ప్రయత్నిస్తానా?' అని తనని తాను ప్రశ్నించుకోవాలట. లేదు అని జవాబొస్తే మంచి పరిహారమిచ్చి పంపేయడమే. ఈ పరీక్ష నేను ఇంట్లో పెడితే ఆదివారాల్లో మావారి పరిస్థితి ఏమిటో ఆలోచించండి! నవ్వులాటకన్నాను గానీ, జట్టు అన్నవాళ్ళు ఆట మొదలు కాకముందే మైదానం అమ్మేస్తే ఆటగాడు ఎవర్ని అడగాలి? పైనున్న కుర్చీలు మాత్రం అటూ ఇటూ జరుగుతాయి. 2024 జూలైలో ఎపిక్ గేమ్స్ నుంచి అలెన్ టాస్కన్ అనే కొత్త పెద్ద వచ్చాడు. కొత్త కోడలు రాగానే పాత గిన్నెలు అటకెక్కాయి. స్టూడియో మూసిన మరుసటి నెలలోనే వెర్డూ గారికి కృత్రిమ మేధతో ఆటలు చేసే కొత్త పదవి దొరికింది. ఆయనా తర్వాతి ఏడాది వెళ్ళిపోయాడనుకోండి. కానీ కింద బొమ్మలు గీసినవాళ్ళకి, రాళ్ళకి రంగులద్దినవాళ్ళకి అలా మధ్యలో ఒక కుర్చీ వేసేదెవరు?

ఆడనందుకే మూశారు అంటారేమో. టెక్సాస్‌లో బాస్ ఫైట్ అనే స్టూడియోని 2022లో కొన్నారు. వాళ్ళు స్క్విడ్ గేమ్ సీరియల్ మీద చేసిన ఆట 2024 డిసెంబరులో వచ్చింది. జనం ఎగబడి దించుకున్నారు. 2025 అక్టోబరులో దాన్నీ మూసేశారు!

సుభద్రమ్మగారి మాటకీ జవాబు బాకీ ఉన్నాను. పిల్లల్ని చెడగొట్టే ఆటలున్నాయి, కాదనను. అలాంటి సినిమాలు లేవా? మనం రోజూ చూసే సీరియళ్ళలో విషం కలిపే అత్తలు లేరా? ఆటలో కథ ఉంటుంది, సంగీతం ఉంటుంది, వందలమంది గీసిన బొమ్మలుంటాయి. వాటిలో ఒకరు మా లావణ్య.

లావణ్య మా చెల్లెలి కూతురు. హైదరాబాదులో ఒక కంపెనీలో పరాయి దేశాల ఆటలకి బొమ్మలు చేస్తుంది. ఏ కంపెనీ అన్నది మనకి అనవసరం. మూడేళ్ళ క్రితం మా ఇంటికొచ్చి, అటక మీదున్న మా అమ్మ ఇత్తడి గంగాళం దింపించుకుంది. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి వంద ఫొటోలు తీసుకుంది. పెరట్లో నూతి గిలకకి పట్టిన తుప్పు కూడా వదల్లేదు. పల్లెటూరి సంత ఒకటి తయారుచేస్తున్నారట. ఏడాదిన్నర చేసింది. గంగాళం మీద సొట్ట ఎక్కడుందో నాకంటే దానికే బాగా తెలుసు. ఆ సొట్ట మా తమ్ముడు చిన్నప్పుడు పడేస్తే పడ్డది.

ఒకరోజు పొద్దున్నే సముద్రాల అవతలనుంచి కబురొచ్చింది, ఆట మానేశామని. జీతం ఇచ్చారు. వేరే పనికి మార్చారు. ఇంకేం కావాలి అని వాళ్ళ నాన్న. కానీ ఒప్పందం ప్రకారం తాను చేసింది ఎవరికీ చూపించకూడదు. మరో ఉద్యోగానికి వెళ్ళినా 'ఇది నేను గీశాను' అని చెప్పుకోవడానికి లేదు. "నాకు ఇరవై ఆరేళ్ళు పెద్దమ్మా. అందులో ఏడాదిన్నర ఎక్కడుందో నేను చూపించలేను" అంది. నేనేం చెప్పను? కాఫీ ఇచ్చాను.

ఆ కాలిఫోర్నియా వార్త చదివినప్పుడు నా కళ్ళకి ఈ పిల్లే కనిపించింది. అక్కడా ఎవరింట్లోనో గంగాళాలు ఫొటోలు తీసుకున్న పిల్లలుంటారు కదా. 'డబ్బున్నవాళ్ళు, పోతే పోయింది' అన్నారు సుభద్రమ్మగారు. పోయింది డబ్బున్నవాళ్ళది ఒక్కటే అయితే నేనూ ఆవిడతో కలిసి నవ్వేదాన్నే.

2025 చివర్లో ఆ కంపెనీ టీవీలో నలుగురూ కూచుని ఆడుకునే ఆటలు మొదలుపెట్టింది. ఫోనే మీటల డబ్బా. అక్షరాలు ఏరుకునే ఆట, బొమ్మ గీసి పేరు చెప్పించే ఆట వగైరా. అంటే మన అంత్యాక్షరి, వైకుంఠపాళీ కుదురుకి వచ్చారు. బాగానే ఉంది. సీరియల్ చూసే ఇంటికి అవే నప్పుతాయని 2021లోనే ఏ బామ్మగారినడిగినా చెప్పేది, పైసా తీసుకోకుండా.

మావారు ఈ వ్యాసం ఇంతవరకూ చదివి, "బాగా రాశావు గానీ, నా పేకాట సంగతి తీసెయ్" అన్నారు. తియ్యలేదు.

పోయిన నెల లావణ్య మళ్ళీ వచ్చింది. వస్తూనే, "పెద్దమ్మా, ఆ గంగాళం ఇంకా ఉందా, అమ్మేశారా?" అంది.

"ఉంది. ఈసారి దేనికే?"

"చెప్పకూడదు పెద్దమ్మా."

మావారు లేచి వెళ్ళి స్టూలు తెచ్చారు. అది ఎక్కింది. ఆయన కింద పట్టుకుని నిలబడ్డారు.