లెక్కలోకి రాని ముద్దలు

"ఏమీ తినను, అయినా ఒళ్ళు తగ్గట్లేదే!" వారాంతంలో నలుగురు ఆడవాళ్ళం కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. ఒకరు "థైరాయిడ్ చూపించుకున్నావా?" అంటారు, ఇంకొకరు "కాన్పుల తర్వాత అంతేలే" అంటారు. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాల్సిందే. కానీ ఆ రిపోర్టు బాగానే వచ్చినా ముల్లు కదలనివాళ్ళు మనలో చాలామందిమి ఉన్నాం. ఈ నెల కబుర్లు మన గురించే.

1992లో న్యూయార్క్‌లో ఒక పరిశోధన జరిగింది. రోజుకు 1200 కేలరీల లోపే తింటున్నా బరువు తగ్గడం లేదన్న కొద్దిమందిని తీసుకుని, వాళ్ళ శరీరం నిజంగా ఎంత శక్తి ఖర్చు చేస్తోందో కొలిచారు. జీవక్రియలో ఏ లోపమూ లేదు. తేడా ఎక్కడుందంటే, వాళ్ళు తింటున్నదాంట్లో దాదాపు సగం వాళ్ళు చెప్పిన లెక్కలోకి రాలేదు! అది చదివినప్పుడు నాకు వాళ్ళు అబద్ధాలాడుతున్నారని అనిపించలేదు. మనం 'తిన్నాను' అని గుర్తుపెట్టుకునేది కంచం ముందు కూర్చుని తిన్నదాన్నే కదా. నిలబడి నోట్లో వేసుకున్నది మన భాషలో తిండే కాదు, 'ఊరికే అలా'.

ఇంతకీ నాకు ఈ గోల ఎందుకు పట్టిందంటే, రెండో కాన్పులో నాకు షుగర్ వచ్చింది. కాన్పయ్యాక పోయింది. కానీ అలా వచ్చి పోయినవాళ్ళకి ముందుముందు టైప్-2 మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఏడాది నుంచి మూడేళ్ళ లోపు ఒకసారి చొప్పున జీవితాంతం పరీక్ష చేయించుకోమంటారు. ఈసారి నా ఏ-వన్-సీ 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీ-డయాబెటిస్ అంటారు. మా అమ్మకి 42వ ఏట షుగర్ బయటపడింది, ఇప్పుడు రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటుంది. నాకిప్పుడు 37. బ్లౌజులు బిగుతవడం కంటే ఈ ఐదేళ్ళ తేడాయే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

ఇంకో సంగతి. ఇక్కడి చార్టుల్లో బీఎంఐ 25 దాటితేనే అధిక బరువు. కానీ మనవాళ్ళకి తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, షుగర్ కూడా ముందే వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలున్నవాళ్ళకి 23 దగ్గరే షుగర్ పరీక్ష గురించి ఆలోచించమంటోంది. ఐదడుగుల మూడంగుళాల మనిషికి 23 అంటే సుమారు 59 కిలోలు. నడుం కొలత మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. కాబట్టి "నేనేమంత లావు లేనులే" అనే ధీమా మనకి అంతగా పనికిరాదు.

డిగ్రీలో నాది బీజడ్‌సీ. "ముందు చూసింది రాయండి, అభిప్రాయాలు తర్వాత" అనేవారు మా జువాలజీ మేడమ్. అదే చేశాను. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, పక్కన పెన్ను వేలాడదీశాను. మూడు రోజులు అలవాట్లేమీ మార్చుకోకుండా, భోజనం, టిఫిన్ కాక నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాశాను. పక్కన ఇంకో గడి: 'ఆకలేసిందా?'

మొదటి రోజు ఇలా ఉంది. పొద్దున పిల్లలు వదిలేసిన సగం దోసె. పదకొండింటికి ఉప్మాలోకని తీసిన జీడిపప్పులో ఎనిమిది పలుకులు. పావుతక్కువ నాలుగుకి, స్కూల్ బస్సు దిగిన పిల్లలకి డబ్బా తీస్తూ గుప్పెడు మిక్స్చర్. రాత్రి, "ఇంత కొంచెం మళ్ళీ ఫ్రిజ్‌లో ఏం పెడతాం" అని గిన్నె అడుగున ఉన్న మూడు ముద్దల పప్పన్నం. అన్నీ కలిపితే దగ్గరదగ్గర 400 కేలరీలు. ఒక పూట టిఫిన్ అంత! మూడు రోజుల్లో 17 సార్లు రాస్తే, 'ఆకలేసిందా?' గడిలో 'అవును' పడింది రెండేసార్లు.

మరి ఆకలి లేకుండా చెయ్యి ఎందుకు వెళ్తోంది? దీనికి నాకు బాగా నచ్చిన జవాబు సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళ ప్రయోగంలో దొరికింది, 2011లో అచ్చయింది. సినిమా చూడటానికి వచ్చినవాళ్ళలో కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం కిందటి మెత్తబడిపోయిన పాప్‌కార్న్ ఇచ్చారు. సినిమాకెళ్తే పాప్‌కార్న్ తినే అలవాటు బాగా ఉన్నవాళ్ళు, రుచి లేకపోయినా, పాతదాన్ని కూడా తాజాదాన్ని తిన్నంతా తిన్నారు. అదే పాతదాన్ని మీటింగ్ గదిలో పెడితే అంత తినలేదు. సినిమా హాల్లోనే ఎప్పుడూ తినే చేత్తో కాకుండా రెండో చేత్తో తినమన్నా తగ్గించేశారు. అంటే తినిపించింది రుచీ కాదు, ఆకలీ కాదు. ఆ చోటు, ఆ చెయ్యి!

నా కాగితం కూడా అదే చెప్పింది. స్టవ్ పక్కన, సింకు దగ్గర, పాంట్రీ తలుపు ముందు, అన్నీ నిలబడి తిన్నవే. అందుకే నోటికి తాళం వేసే ప్రయత్నం మానేసి, చోట్లు మార్చాను.

మొదటిది, ఏం తిన్నా కంచంలో పెట్టుకుని, కుర్చీలో కూర్చునే తినాలి. జీడిపప్పు తినకూడదని కాదు. ఎనిమిది పలుకులకి కంచం తీసి, వెళ్ళి కూర్చోవాలంటే సగంసార్లు ఆ కోరిక అక్కడే ఆగిపోతుంది.

రెండోది, మిక్స్చర్ గాజు సీసాలోంచి స్టీలు డబ్బాలోకి, డబ్బా గరాజ్ షెల్ఫ్ మీదకి మారింది. ఆ నాలుగు గంటలప్పుడు ఒక్కోరోజు నిజంగానే ఆకలేస్తుంది. అందుకని శనగలో పెసలో గుగ్గిళ్ళు చేసి, పిల్లలతో పాటు నేనూ కూర్చుని తింటున్నాను.

మూడోది కష్టమైనది, పిల్లల కంచాలు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెరిగినవాళ్ళం, చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు. కానీ పరబ్రహ్మం పిల్లల కంచంలో ఎక్కువ వడ్డించమని చెప్పలేదు కదా! ఇప్పుడు ముందు సగం దోసె వేస్తాను, కావాలంటే మారు అడుగుతారు. గిన్నెలో మిగిలిన గుప్పెడన్నం అయినా సరే చిన్న డబ్బాలో ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, మర్నాడు ఎవరి లంచ్ బాక్సులోనో సర్దుకుపోతుంది.

ఇక పాట్‌లక్కులు. "నా కోసం ఒక్క గారె" అని ప్రేమగా కంచంలో వేసే వదినగారికి వద్దని చెప్పడం మన తరం కాదు. నేనొక ఉపాయం పట్టాను. "కడుపు నిండిపోయింది వదినా, రెండు కట్టివ్వరూ, రేపు పొద్దున టిఫిన్‌కి తింటాను" అంటాను. ఆవిడకి సంతోషం, నాకు మర్నాటి టిఫిన్ వండే పని తప్పుతుంది. అవి మర్నాడు కంచంలో, లెక్కలోకి వచ్చే తిండి.

"డైటింగా?" అని మా వారు అడిగారు. కాదు. మధ్యాహ్నం అన్నం తింటున్నాను, ఆవకాయ, పెరుగన్నం కూడా ఉన్నాయి. పోయింది 'ఊరికే అలా' మాత్రమే. మా ఎనిమిదేళ్ళ అమ్మాయి ఫ్రిజ్ మీది కాగితం చూసి తనకీ ఒక గడి గియ్యమంది. ఆ రోజే దాన్ని తీసి నా సొరుగులో పెట్టుకున్నాను. ఆడపిల్లకి ఇప్పటినుంచే తిండి లెక్కలూ, ఒంటి మీద బెంగా నేర్పడం నాకిష్టం లేదు. ఇంట్లో అందరం కూర్చుని తింటాం, అంతవరకు తెలిస్తే చాలు దానికి.

నాలుగు నెలలయింది. మూడున్నర కిలోలు తగ్గాను, నడుం రెండంగుళాలు తగ్గింది. ఆర్భాటమేమీ లేదు. కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పడుతుందని లండన్‌లో ఒక పరిశోధనలో తేలింది. కొందరికి 18 రోజులే, కొందరికి ఎనిమిది నెలల పైమాటే. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన చేసిందంతా గంగలో కలవదని కూడా అందులోనే చూశారు. సంక్రాంతి అరిసెల రోజులు నాకూ వచ్చాయి. మర్నాడు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను, అంతే.

మీరూ ఒక మూడు రోజులు కాగితం అంటించి చూడండి. ఏదీ మానొద్దు, ఊరికే రాయండి, ఆకలి గడి మాత్రం మర్చిపోవద్దు. షుగర్ మందులో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు మాత్రం తిండి తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడండి, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కాన్పులో షుగర్ వచ్చి పోయిన చెల్లెళ్ళెవరైనా ఉంటే, చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో ఇవాళే చూసుకోండి. నాకు మళ్ళీ ఏ-వన్-సీ వచ్చే నెల మొదటివారంలో ఉంది. ఎంత వస్తే అంత, ఇక్కడే చెప్తాను.