ఆసు పోసిన చేతులు

“చీరె కొనేటప్పుడు రంగూ, అంచూ, ధరా చూడటం మనకు అలవాటు. ఇప్పుడు అమ్మాయిలు ఇది ఎవరు నేశారు, వాళ్ళకెంత ముట్టింది అని కూడా అడుగుతున్నారు. ఇదేం ఫ్యాషనండీ?” అని ఒక సోదరి ప్రశ్న.

మంచి ఫ్యాషనే. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో, ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. పడమటి దేశాల దుకాణాలకు చవక దుస్తులు కుట్టేవాళ్ళు వారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. ముందురోజే గోడలు బీటలు వారినా పనిలోకి రమ్మన్నారు. ఆ తరువాతనే యీ ప్రశ్న దేశదేశాల్లో గట్టిగా వినబడింది.

అంతదూరం ఎందుకు? మన బీరువాలోని పోచంపల్లి చీరెనే తీసుకుందాం. అందులో పువ్వు బట్టమీద అద్దింది కాదు. నేతకు ముందే నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, దారంలోనే బొమ్మ తయారుచేస్తారు. ముడులు కట్టాలంటే ముందు పేక దారాన్ని లెక్క ప్రకారం పరచాలి. దాన్నే ఆసు పోయటం అంటారు. అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రం ముందు కూర్చుని, దారాన్ని ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరెకు వేలసార్లు చెయ్యి ఆడాలి. నాలుగైదు గంటల పని. లెక్క తప్పితే పువ్వు చెదురుతుంది. తరతరాలుగా యిది ఇంటి ఆడవాళ్ళ పని. మగ్గం మీద కూర్చున్నాయన్ని నేతగాడంటాం. ఈవిడకు పేరూ లేదు, చాలా ఇళ్ళలో విడిగా కూలీ లేదు. భుజం నొప్పి మాత్రం ఆవిడదే.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక, పెద్ద చదువు లేకపోయినా, ఏళ్ళ తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. గంటన్నరలో చీరెకు ఆసు అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం తాకితే చేనేత గొప్పతనం పోతుందని వాదించేవారుంటే, వారిని ఒక్క పూట ఆసు పొయ్యమనాలి!

2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షల పైచిలుకు. వారిలో స్త్రీలు 25 లక్షలకు పైనే. అంచేత యిది ముఖ్యంగా ఆడవాళ్ళ కూలి సంగతి.

ఇక బజారులో మోసం. మరమగ్గం బట్టమీద పోచంపల్లి బొమ్మ అచ్చువేసి అదే పేరుతో అమ్ముతారు. చీరె తిరగేసి చూడండి. అసలుదైతే రెండువైపులా రంగు ఒకేలా వుంటుంది. పువ్వు అంచులు కాస్త అలికినట్టుంటాయి. అచ్చు వేసిందైతే వెనక వెలవెలబోతుంది. గీత గీసినట్టు మరీ నున్నగా వున్నా అనుమానించవలసిందే. పోచంపల్లి పేరుకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేనేత అని తెలిపే హేండ్‌లూమ్ మార్క్ చీటీ వుందేమో అడగండి. సహకార సంఘంలో కొంటే మరీ మంచిది.

అలాగని చేనేత అయితే చాలు, అన్నీ మంచివేననీ అనను. చాలా చీరెలకు వాడేవి రసాయనపు రంగులే. ఆ రంగునీళ్ళు ఎక్కడికి పోతున్నాయని కూడా అడగాలి. నీలిమందు, చిరువేరు, దానిమ్మ తొక్క వంటివాటితో అద్దకం చేసే చోట్లూ వున్నాయి. ధర ఎక్కువ, రంగుల రకాలు తక్కువ.

“అంత డబ్బు ఎక్కడిది తల్లీ?” అంటారు. నిజమే. ఏడాదికి ఆరు కొనేచోట రెండు కొనండి. పాలియెస్టరు చీరె చవకే గాని, అది పెట్రోలియం సరుకు. పారేసినా మట్టిలో కలవదు. నూలు చీరెను మొదటి రెండుమూడుసార్లు విడిగా, చన్నీళ్ళలో జాడించి, నీడలో ఆరవెయ్యండి. ఎండలో వేస్తే ఎరుపు వెలుస్తుంది. మడతలు అప్పుడప్పుడు మార్చండి, లేకపోతే మడత దగ్గరే చిరుగుతుంది. చిరిగాక పసిపిల్లలకు బొంత కుట్టండి. మెత్తబడిన పాత నూలును మించిన పక్క లేదు.