పాటని దేంట్లో పెట్టి ఇద్దాం?

విజయనగరంలో నా మిత్రుడి ఇంటి అటకమీద మూడు అట్టపెట్టెలున్నాయి. నిధి అనుకునేరు! సీడీలు. 2009లో మావాడు సొంత డబ్బు పోసి, నాగావళి ఒడ్డున ఓ పల్లెలో తప్పెటగుళ్ళు ఆడే పెద్దాయన చేత పాడించి, ఐదొందల సీడీలు వేయించాడు. రెండొందలు కూడా కదల్లేదు. తక్కినవి అటకెక్కాయి.

కిందటి సంక్రాంతికి ఇల్లు దులుపుతూ పాత సామాన్ల బండివాణ్ణి పిలిచాడు. అతగాడు పెట్టె తెరిచి, "ఇయ్యేటి బాబూ! ఈటినెవులు కొంతారు? అట్టపెట్టిలైతే ఇచ్చేయండి" అని తేల్చేశాడు. పాటకంటే పెట్టెకే గిరాకీ! తప్పు అతనిది కాదు. సీడీ అంటే పాలీకార్బనేట్ ప్లాస్టిక్, దానిమీద పల్చటి అల్యూమినియం పొర. ఆ రెంటినీ విడదీయడం బండివాడి వల్ల కాదు. తగలబెడితే పాడు పొగ. పాతిపెడితే మన మనవలు తవ్వినా అలాగే దొరుకుతుంది.

అదే వారంలో ఆ పెద్దాయన కొడుకు వచ్చాడు. తండ్రి పోయి అప్పటికి నాలుగేళ్ళు. "మా నాన్న పాట మీకాడుందంట కదా బాబూ, ఓపాలి ఇంతాను" అన్నాడు. మావాడు సంబరంగా సీడీ చేతిలో పెట్టాడు. అతను అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఫోన్లో ఎలగెట్టాల బాబూ?" అన్నాడు. మావాడి దగ్గర జవాబు లేదు! చివరికి పాత కంప్యూటర్ ఒకటి వెతికి, ఆ పాటలు అతని ఫోన్లోకి ఎక్కించాడు. మూడు నెలలకి ఆ ఫోను పాడైంది. పాటా పోయింది.

సినిమా పత్రికలో ఈ సీడీల గోలేమిటంటారా? అక్కడికే వస్తున్నాను. సినిమాతో సంబంధం లేకుండా వచ్చే పాటని మీరిప్పుడు 'ఇండిపెండెంట్ మ్యూజిక్' అంటున్నారు. మన పెద్దవాళ్ళు దాన్నే 'ప్రైవేటు రికార్డు' అనేవారు. ఘంటసాల 'పుష్పవిలాపం' అలాంటిదే. ఆయన సంగీతం నేర్చుకున్నది, సుశీల పుట్టి పెరిగి చదువుకున్నది ఈ విజయనగరంలోనే. 1919లో మొదలైన సంగీత కళాశాల ఇద్దరికీ పాఠశాలే.

ఆనాటి 78 స్పీడు రికార్డు దేంతో చేసేవారో తెలుసా? లక్కతో! మోదుగ, రేగు కొమ్మలమీద లక్కపురుగు స్రవించే బంక అది. దానికి రాతిపొడి, నల్లరంగు, కాస్త నూలుపీచు కలిపి వేడిమీద అచ్చుకొట్టేవారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర గిరగిరా తిరుగుతుంటే బొమ్మలకి రుద్దేదీ ఈ లక్కే. 1908లో కలకత్తాలో రికార్డుల ఫ్యాక్టరీ పెట్టకముందు మన లక్క సముద్రాలు దాటి వెళ్ళి, మన పాటై తిరిగొచ్చేది.

అలాగని లక్క రికార్డుని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. చెయ్యి జారిందా, ముక్కలే! పక్కకి మూడు నాలుగు నిమిషాల పాట. యుద్ధంలో కరువొచ్చి 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల లక్కకి కోత పెట్టింది. 1948లో ఎల్పీ వచ్చింది. దాంతో లక్క పోయి ప్లాస్టిక్ రాజ్యమేలింది.

ఇప్పుడు పైదేశాల్లో మళ్ళీ పర్యావరణం గుర్తొచ్చింది. 2024లో కోల్డ్‌ప్లే బృందం 'మూన్ మ్యూజిక్' ఎల్పీని వాడేసిన ప్లాస్టిక్ సీసాలతో చేయించింది. ఒక్కో రికార్డుకి 9 సీసాలు. భేష్! కానీ మన పల్లెలో దాన్ని తిప్పే మెషీన్ ఏదీ? పాట వినాలంటే ముందు మెషీన్ కొనాలంటే మళ్ళీ సీడీ కథే. అసలు చెత్త ఏదో నాకా అటక చూశాకే తెలిసింది: అమ్ముడుపోనిదీ, వినడానికి వీల్లేనిదీ!

మరి దారి? మన సినిమాహాళ్ళే చూపించాయి. ఇంటర్వెల్‌లో పాటల పుస్తకం అమ్మేవాళ్ళు గుర్తున్నారా? సగం కథ చెప్పి "తరువాయి వెండితెరపై చూడండి" అని ఊరించే పల్చటి పుస్తకం. మీకు గుర్తు లేకపోతే మీ నాన్నగారినడగండి. మావాడికి అదే చెప్పాను. పదహారు పేజీలు, పాత కాగితం నుంచి తీసిన కాగితం, పైన ప్లాస్టిక్ పూత వద్దు. లోపల పాటలన్నీ, పెద్దాయన ఫొటో, చివర పాట వినడానికి క్యూఆర్ కోడ్. ఐదొందలు కాదు, యాభై వేయించు. అయిపోతే మరో యాభై. రేపు ఆ కోడ్ పనిచెయ్యకపోయినా మాటలుంటాయి. అసలు పాటల్ని మాత్రం నాలుగుచోట్ల దాచు.

మొదటి పుస్తకం ఇవ్వడానికి మేమిద్దరం ఆ పల్లె వెళ్ళాం. సిగ్నల్ లేదు. కోడ్ పలకలేదు! నేను నీరుగారిపోయాను. ఇంతలో పెద్దాయన మనవరాలు, ఎనిమిదో క్లాసు పిల్ల, పుస్తకం తీసి గడగడా చదవడం మొదలెట్టింది. తండ్రి కాసేపు విని, "అలగ్గాదే, తాత ఇక్కడ సాగదీసీవోడు" అని తానే ఎత్తుకున్నాడు.

మీ ఇంటి అటకమీదా ఇలాంటి పెట్టె ఉందేమో, ఈ ఆదివారం ఓసారి ఎక్కి చూడండి. బండివాణ్ణి పిలిచేముందు మాత్రం అందులో ఎవరి గొంతుందో కనుక్కోండి!