దత్తుడా? క్రీతుడా?



మా వెంకటగిరికోట మూడు రాష్ట్రాల సరిహద్దుల సమీపంలో ఉన్న ఊరు. ఇక్కడి యువకులు బెంగళూరుకు, అక్కడి నుండి విదేశాలకు ఉద్యోగార్థం తరలిపోవడం నేడు సామాన్య విషయం. అట్లు అమెరికాలో స్థిరపడి, సంతానం కలుగక, మన దేశంలోని అనాథ శిశువును స్వీకరించదలచి దరఖాస్తు చేసుకొని ఏళ్ళ తరబడి నిరీక్షిస్తున్న దంపతులు తెలుగువారిలో ఉన్నారు. వారికి ఆ బిడ్డ సముద్రానికి ఆవలి బిడ్డ. అటువంటి దంపతుల తలిదండ్రులు ఆలయానికి వచ్చి అడిగే ప్రశ్నలు రెండు. “స్వామీ, గోత్రం తెలియని బిడ్డకు సంస్కారాలు చెల్లుతాయా?” అన్నది మొదటిది. “ఇన్నేళ్ళ నిరీక్షణ ఎందుకు? మన కులంలోనే ఒక బీదవారి బిడ్డను ఎవరి ద్వారానైనా తెప్పించుకుంటే దోషమేమి?” అన్నది రెండవది.

ఈ ప్రశ్నలు వేర్వేరని పలువురు భావిస్తారు. అది భ్రమ. మొదటి ప్రశ్నకు మా అర్చక పురోహిత వర్గంలో కొందరిచ్చే సమాధానమే రెండవ దోషానికి ద్వారం తెరుస్తున్నది. గోత్రం తెలియని బిడ్డ పనికిరాదని పురోహితుడు తీర్పు చెబితే, గోత్రం తెలిసిన బిడ్డకోసం గృహస్థుడు దళారి గడప తొక్కుతాడు. ఆ పాపంలో పురోహితునికీ భాగమున్నది.

ముందుగా పూర్వపక్షాన్ని న్యాయంగా నిలుపుదాం. సమీప బంధువుల బిడ్డనే స్వీకరించాలని వసిష్ఠ ధర్మసూత్రం విధించింది. బిడ్డను ఇచ్చే అధికారం తలిదండ్రులదే అన్నది. మనువు ద్వాదశవిధ పుత్రులను పేర్కొన్నప్పటికీ, కలియుగంలో ఔరసుడు, దత్తుడు తప్ప తక్కినవారు వర్జ్యులని నిబంధనకారులు నిర్ణయించారు. తలిదండ్రులు విడిచిన బిడ్డ అపవిద్ధుడు, అపవిద్ధుడు కలివర్జ్యుడు, కనుక అతడు దత్తుడు కాజాలడు. ఇది వారి వాదం.

ఇక సిద్ధాంతం. అదే వసిష్ఠ సూత్రం, పుత్రుని స్వీకరించువాడు బంధువులను పిలిచి, రాజుకు నివేదించి, ఇంటి నడుమ హోమం చేసి స్వీకరించాలని కూడా విధించింది. బంధుత్వపు మాటను గట్టిగా వల్లించేవారు రాజనివేదనను ఎందుకు విస్మరిస్తున్నారు? దత్తత రహస్య కార్యం కాదని, పాలకుని ఎరుకలో జరగవలసినదని ఆ విధి తాత్పర్యం. అనాథ బాలుని ధనాన్ని అతడు పెద్దవాడయ్యేంతవరకు రాజే రక్షించాలని ధర్మశాస్త్రం ఆదేశించింది. ధనానికి రక్షకుడైనవాడు దేహానికి రక్షకుడు కాడా? నేడు ఆ రక్షకస్థానంలో ప్రభుత్వమున్నది. బాలల సంక్షేమ సమితి విచారించి బిడ్డ దత్తతకు అర్హుడని ప్రకటిస్తుంది. కారా అని పిలువబడే కేంద్ర సంస్థ దంపతులను నిర్ణయిస్తుంది. 2022 నుండి జిల్లా కలెక్టరు ఉత్తర్వు ఇస్తున్నాడు. ఇక్కడ దాత ఉన్నాడు, ప్రతిగ్రహీత ఉన్నాడు, దానమూ ఉన్నది. కనుక ఆ బిడ్డ నిస్సంశయంగా దత్తుడే.

దళారి తెచ్చిన బిడ్డ సంగతేమి? సొమ్ము ఇచ్చి తెచ్చుకున్న బిడ్డకు శాస్త్రం పెట్టిన పేరు క్రీతుడు. కలివర్జ్యుల పట్టికలో క్రీతుడూ ఉన్నాడు. శాస్త్రం పేరుతో అనాథను నిరాకరించి, గోత్రం పేరుతో బిడ్డను కొనేవాడు తాను చూపిన ప్రమాణంతోనే ఓడిపోతున్నాడు.

స్మృతికంటె శ్రుతి బలీయం. ఐతరేయ బ్రాహ్మణంలోని శునఃశేపోపాఖ్యానాన్ని స్మరించండి. అజీగర్తుడు నూరు గోవులకు కన్నకొడుకును విక్రయించాడు; యూపానికి బంధించడానికి మరొక నూరు, వధించడానికి మరొక నూరు స్వీకరించాడు. దేవతల అనుగ్రహంతో విముక్తుడైన ఆ బాలుడు తిరిగి రమ్మన్న జనకుని తిరస్కరించి విశ్వామిత్రుని పుత్రుడైనాడు, దేవరాతుడని పేరొందాడు. పుట్టినది ఆంగిరస వంశం, చేరినది వైశ్వామిత్ర వంశం. విశ్వామిత్ర వంశీయుల ప్రవరలలో దేవరాతుని నామం నేటికీ వినబడుతుంది. ఆ ప్రవర చెప్పుకొని నిత్యం అభివాదం చేసేవారు దత్తపుత్రునికి గోత్రం సంక్రమించదని ఎట్లు అనగలరు?

ఆ కథలో మనకొక హెచ్చరిక కూడా ఉన్నది. విశ్వామిత్రుని నూటొక్కమంది కుమారులలో పెద్దవారైన ఏబదిమంది దేవరాతుని జ్యేష్ఠునిగా అంగీకరించలేదు. తండ్రి వారిని శపించాడు. ఆ శాపగ్రస్తుల సంతతిగా ఆ గ్రంథం పేర్కొన్నవారిలో ఆంధ్రులున్నారు. దత్తసోదరుని నిరాకరించిన ఆ ఏబదిమంది మార్గమే మనకు నేటికీ ఆదర్శమా?

గోత్రమే తెలియని బిడ్డ మాట అంటారా? నాగేటి చాలులో దొరికిన శిశువును జనకుడు సీతగా పెంచాడు. మా చిత్తూరు సీమకు పొరుగునే ఉన్న నారాయణవనంలో, దున్నిన భూమిలోని పద్మంలో లభించిన శిశువును ఆకాశరాజు పద్మావతిగా పెంచాడని స్థలపురాణం. కల్యాణోత్సవాలలో ఆ తల్లులకు మనం ప్రవర చదివేది పెంచిన తండ్రుల వంశంతోనే గదా! వేదికపై అట్లు చదివి, దిగివచ్చి ఒక పసిబిడ్డ నామకరణానికి గోత్రం అడ్డు చెప్పడం మాకు శోభించదు. “వారు అయోనిజలు, దేవతలు” అని తప్పుకోవచ్చును. కాని ఆ తండ్రులు మొదట చూచినది దిక్కులేని పసిగుడ్డునే. దైవత్వం తరువాత తెలిసినది.

క్రయమార్గం ఎంతటి దారుణానికి దారితీస్తుందో మన తెలుగునేల చూచింది. 1999లోను, 2001లోను హైదరాబాదులో బయటపడిన ఉదంతాలలో, తండాలలోని లంబాడా ఆడశిశువులను స్వల్పమైన సొమ్ముకు సేకరించి విదేశీ దత్తతలకు సిద్ధం చేశారని వెల్లడైంది. సముద్రాల ఆవల నిరీక్షించినవారిలో సదుద్దేశం గలవారూ ఉండవచ్చును. కాని వారి ఆతురతే దళారికి పెట్టుబడి అయింది. మూల్యం చెల్లించినది తండాలోని తల్లి.

అందుకే నిరీక్షణ. 1984లో లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు నియమాలు ఏర్పరచింది. 2003లో మన దేశం హేగ్ ఒడంబడికను ధ్రువీకరించింది. 2015 బాలల న్యాయ చట్టం, బిడ్డను అప్పగించిన తలిదండ్రులకు పునరాలోచనకై రెండు నెలల గడువు ఇచ్చింది. దంపతులకు దీర్ఘంగా తోచే కాలంలో కొంత, ఎక్కడో ఒక తల్లి మనసు మార్చుకోవడానికి విడిచిన కాలం. దానిని తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. అదే చట్టం శిశువిక్రయానికి ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా విధించింది. కొన్నవారికీ అది వర్తిస్తుంది.

కార్యాలయాలలో అకారణ జాప్యం లేదని నేననను. ఉన్నచోట అది దోషమే, ప్రశ్నించవలసినదే. ఆలయంలో ప్రసాదానికి వరుస ఆలస్యమైతే నిర్వాహకులను నిలదీయాలి గాని, దొంగదారిన గర్భాలయం గోడకు కన్నం వేయకూడదు.

తోటి అర్చక పురోహితులకు నా విజ్ఞప్తి. దత్తహోమం చేయించమని గృహస్థులు వచ్చినప్పుడు ముందుగా దత్తత ఉత్తర్వు చూపమనండి. హోమం చేసినంత మాత్రాన చట్టరీత్యా దత్తత సిద్ధించదు. 1956 హిందూ దత్తత చట్టం దత్తహోమాన్ని అనివార్యమనలేదు, బిడ్డకు మూల్యం ఇచ్చిపుచ్చుకోవడాన్ని మాత్రం నిషేధించింది. ఉత్తర్వు లేని బిడ్డకు మంత్రం చదివితే మన మంత్రం అమ్మకపు రసీదు అవుతుంది. ఉత్తర్వు చూపినవారిని మరి గోత్రం అడగకండి. పెంచే తండ్రి గోత్రంతో సంకల్పం చెప్పండి; నామకరణం, అన్నప్రాశనం, అక్షరాభ్యాసం లోపం లేకుండా జరిపించండి.

నిరీక్షిస్తున్న దంపతులకు ఒక్క మాట. మీ నిరీక్షణ వంధ్యత్వపు శిక్ష కాదు. దానం దానంగా మిగలడానికి మీరు చేస్తున్న తపస్సు అది. దానిని మధ్యలో భంగపరచకండి.

శుభం భూయాత్.